ఇంటి సర్వర్‌కు రెయిడ్ కంట్రోలర్: ఎంపికలో గమనించవలసిన విషయాలు

ఒకప్పుడు ప్రతి ఇంటిలోనూ ఒక ట్రంకుపెట్టె ఉండేది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు అన్నీ అందులోనే భద్రంగా ఉండేవి. ఈనాడు ఆ ట్రంకుపెట్టె స్థానాన్ని హార్డ్ డిస్కు ఆక్రమించినది. మన సహోద్యోగులలో పలువురు మూడు నాలుగు డిస్కులతో ఇంటిలోనే చిన్న నిల్వ సర్వర్ అమర్చుకొంటున్నారు. ముందు ముందు డిస్కులు పెంచుకొనే వీలుండాలనీ, అందుకు ఏ రెయిడ్ కంట్రోలర్ కార్డు కొనాలో చెప్పమనీ మమ్మల్ని తరచుగా అడుగుతున్నారు. ఈ విషయంలో మేము సంపాదించిన అనుభవం కొంత ఖరీదైనది. పాఠక మిత్రులకు అది ఖర్చు లేకుండా అందాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖరగ్‌పూర్‌లో ఒక సాయంత్రం

మా ఇల్లు ఖరగ్‌పూర్‌లో ఉన్నది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి తరలివచ్చి, ఇక్కడి వర్క్‌షాపులోనూ యార్డులోనూ పనిచేస్తూ స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. మా నాన్నగారు వర్క్‌షాపులో ఫిట్టరు. పగలు ఇనుముతో పని. సాయంత్రమైతే హార్మోనియం, పద్యనాటకం. రైల్వే ఇనిస్టిట్యూట్ వేదిక మీద ఆయన పాడిన పద్యాలను మిత్రులు కేసెట్లలో రికార్డు చేశారు. ఆయన పోయిన తరువాత ఆ కేసెట్లకు ఇక్కడి వానాకాలపు చెమ్మ తగిలి బూజు పట్టసాగినది.

2016లో మేము ఒక పాత హార్డ్‌వేర్ రెయిడ్ కార్డును చవకగా కొని, 3 టెరాబైట్ల డిస్కులు నాలుగు దానికి తగిలించి, 9 టెరాబైట్ల నిల్వ సిద్ధం చేశాము. కేసెట్లను ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కించాము. కార్డు మీది బ్యాటరీ ఉబ్బి ఉన్నదని తెలుసు. అయినా, బ్యాటరీ లేకున్నా కేష్ ద్వారానే వ్రాసే విధంగా, వేగం కోసం, అమరిక మార్చినది మేమే. యు.పి.ఎస్. కొనడం వచ్చే నెలకు, ఆపై నెలకు వాయిదా పడుతూ వచ్చినది.

2019 వేసవిలో ఒక సాయంత్రం చివరి కేసెట్టు ఎక్కించాము. టేపు ఒక్కసారి తిరిగి, తరువాత తెగిపోయినది. రికార్డింగును నేరుగా సర్వర్‌లోకే సేవ్ చేశాము. వేరే నకలు లేదు. ఫైలు చేరినట్లు తెరపై కనిపించిన కొద్ది క్షణాలకే కాల్‌బైశాఖి గాలివాన మొదలై కరెంటు పోయినది. మళ్లీ వచ్చినప్పుడు కార్డులో చలనం లేదు. డిస్కులు నాలుగూ నిక్షేపంగా ఉన్నవి. వాటిని వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఖాళీ డిస్కులుగా కనిపించినవి.

అదే వర్గానికి చెందిన మరొక కార్డు దొరకడానికి 40 రోజులు పట్టినది. అది డిస్కుల మీది పాత అమరికను గుర్తించి స్వీకరించినది. దాదాపు అన్నీ తిరిగి వచ్చినవి. చివరి కేసెట్టు ఫైలు మాత్రం సగమే మిగిలినది. మా అమ్మగారు వింటూ ఉండగా పద్యం నడిమిలో గొంతు ఆగిపోయినది. "మిగతాది మరి రాదా బాబూ?" అని ఆమె అడిగారు. ముప్పై ఏళ్ల ఇంజనీరింగ్ అనుభవంలో మేము సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్న అది.

రెయిడ్ చేసేది, చేయనిది

రెయిడ్ అనే ఆలోచనకు 1988లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు తమ పరిశోధన పత్రంలో రూపమిచ్చారు. ఒక పెద్ద ఖరీదైన డిస్కుకు బదులు చిన్న చవక డిస్కులను జట్టుగా పనిచేయించడం, ఒకటి పోయినా జట్టు ఆగకుండా చూడడం అందులోని సారాంశం.

దీని పని తీరు సులభమైనదే. మొదటి డిస్కులో 7, రెండవ దానిలో 5 వ్రాసి, మూడవ దానిలో వాటి మొత్తం 12 వ్రాశామనుకొందాము. రెండవ డిస్కు చెడిపోతే 12 నుండి 7 తీసివేసి 5ను తిరిగి పొందవచ్చు. నిజానికి కూడికకు బదులు బిట్ల స్థాయిలో మరొక గణితం జరుగుతుంది, సూత్రం ఇదే. ఈ సరిచూసే అంకెనే పారిటీ అంటారు. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా తట్టుకొంటుంది. రెయిడ్ 6లో రెండు పోయినా తట్టుకొంటుంది.

అయితే పొరపాటున చెరిపివేసిన ఫైలును, వైరస్ పాడుచేసిన దానిని, పిడుగుకు మొత్తం పెట్టె కాలిపోవడాన్ని రెయిడ్ తట్టుకోలేదు. అది పని ఆగకుండా చూసే ఏర్పాటే గాని, నకలు కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే మేము చేసిన మొదటి తప్పు.

కార్డు కొనే ముందు అడగవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: ఈ కార్డు చెడిపోతే నా డిస్కులను దేనితో చదవాలి? హార్డ్‌వేర్ కంట్రోలర్లు జట్టు వివరాలను తమ తమ పద్ధతులలో డిస్కులపై వ్రాసుకొంటాయి. సాధారణంగా ఒక కంపెనీ కార్డు వ్రాసినది మరొక కంపెనీ కార్డుకు అర్థం కాదు. కంపెనీలు కూడా నిలకడగా ఉండవు. ఈ రంగంలో పేరు పొందిన త్రీవేర్ 2009లో ఎల్.ఎస్.ఐ.లో కలిసినది, ఎల్.ఎస్.ఐ. 2014లో అవాగో చేతికి వెళ్లినది. అవాగో 2016లో బ్రాడ్‌కామ్ పేరు ధరించినది. కనుక హార్డ్‌వేర్ కార్డే కొనదలచినవారు అదే రకం కార్డు రెండవది కూడా కొని బీరువాలో ఉంచుకోవాలి. అంత ఖర్చు ఎందుకనిపిస్తే, ఆ కార్డు మనకు తగినది కాదని గ్రహించాలి.

రెండవ ప్రశ్న: కేష్‌కు రక్షణ ఏది? వ్రాయవలసిన సమాచారాన్ని కార్డు ముందుగా తన మెమరీలో ఉంచుకొని, తరువాత డిస్కులకు పంపుతుంది. ఆ మధ్యకాలంలో కరెంటు పోతే బ్యాటరీ గాని, ఫ్లాష్ మెమరీ గాని దానిని కాపాడాలి. బ్యాటరీకి ఆయుష్షు తక్కువ. వేడికి అది మరింత తగ్గుతుంది. ఫ్లాష్ రక్షణ గలది మేలు. ఏదీ లేకపోతే కేష్ ద్వారా వ్రాసే అమరికను తప్పక ఆపివేయాలి.

మూడవ ప్రశ్న: వేడికి తట్టుకొంటుందా? ఈ కార్డులు పెద్ద ఫ్యాన్లు ఎడతెగక గాలి కొట్టే సర్వర్ గదుల కోసం తయారైనవి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, మామూలు కంప్యూటర్ పెట్టెలో వాటికి ఊపిరాడదు. కార్డు మీదికి సూటిగా గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాను అమర్చాలి.

నాల్గవ ప్రశ్న: డిస్కులు కార్డుకు తగినవేనా? మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఒక చెడిన చోటును చదవడానికి నిమిషంపైగా ప్రయత్నించవచ్చు. కంట్రోలర్ అంతసేపు ఆగదు. కొద్ది సెకన్లలోనే ఆ డిస్కు చెడిపోయినదని జట్టు నుండి తొలగిస్తుంది. రెయిడ్ కోసం తయారైన డిస్కులు సుమారు 7 సెకన్లలో ప్రయత్నం విరమిస్తాయి. అలాగే ట్రాకులను ఒకదానిపై ఒకటి కొంత కప్పి వ్రాసే ఎస్.ఎం.ఆర్. డిస్కులను జట్టులో చేర్చకూడదు. పునర్నిర్మాణం వేళ అవి మిక్కిలి నెమ్మదిస్తాయి. పాత కార్డులు కొన్ని 2 టెరాబైట్లకు మించిన డిస్కులను పూర్తిగా గుర్తించలేవన్నది కూడా చూసుకోవాలి.

వేగం గురించి చాలామంది ఆందోళన చెందుతారు. ఇంటి నెట్‌వర్క్ గిగాబిట్ అయితే సెకనుకు 125 మెగాబైట్లకు మించి దాటనీయదు. ఈనాటి పెద్ద డిస్కు ఒక్కటే సాధారణంగా అంతకు మించిన వేగాన్ని అందిస్తుంది. వాకిలి ఇరుకైనప్పుడు లోపలి హాలును విశాలం చేసి లాభమేమున్నది?

విస్తరణ అనే గండం

డిస్కులు పెంచుకొనే వీలున్నదని కార్డు పెట్టెపై వ్రాసి ఉంటుంది. అది ఎలా జరుగుతుందో మాత్రం వ్రాసి ఉండదు. కొత్త డిస్కు చేర్చగానే కంట్రోలర్ పాత సమాచారాన్నంతా చదివి, కొత్త పద్ధతిలో మళ్లీ పరచి వ్రాయాలి. అనేక టెరాబైట్లకు ఇది రోజుల తరబడి సాగుతుంది.

మన రైల్వే పట్టణంలోనే దీనికి పోలిక ఉన్నది. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమర్చినప్పుడు అనేక రైళ్లను రద్దు చేశారు, దారి మళ్లించారు. పాత రక్షణ తొలగి, కొత్త రక్షణ ఇంకా పూర్తి కాని రోజులవి. అటువంటప్పుడు రాకపోకలు తగ్గించడం అనుభవజ్ఞుల విధానం. డిస్కులు పెంచేటప్పుడూ అంతే: ముందుగా పూర్తి నకలు తీయాలి, యు.పి.ఎస్. ఉండాలి, పని ముగిసేవరకు సర్వర్‌పై భారం తగ్గించాలి.

పెద్ద డిస్కులకు రెయిడ్ 5 కంటె రెయిడ్ 6 శ్రేయస్కరం. గృహావసరాల డిస్కులకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే హామీ, 10¹⁴ బిట్లు చదివితే చదవలేని చోటు ఒకటికి మించి ఉండదని. అంటే సుమారు 12.5 టెరాబైట్లు. చాలా డిస్కులు ఇంతకంటె మెరుగుగానే పనిచేస్తాయి. కాని ఒక డిస్కు పోయి, మిగిలినవన్నీ ఆమూలాగ్రం చదవవలసిన వేళ ఆ అంకెను మరువరాదు.

మరి ఏమి కొనాలి?

పై ప్రశ్నలన్నీ వేసుకొన్న మీదట మేము మా ఇంటికి హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు కొనలేదు. డిస్కులను ఉన్నవి ఉన్నట్లుగా అందించే సాదా కంట్రోలర్‌ను తీసుకొని, జట్టు బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాము. లైనక్స్‌లోని ఎం.డి. గాని, జెడ్.ఎఫ్.ఎస్. గాని వాడితే, కార్డు పోయిన రోజున డిస్కులను మరే కంప్యూటర్‌కైనా తగిలించి, అదే సాఫ్ట్‌వేర్‌తో చదువుకోవచ్చు. జెడ్.ఎఫ్.ఎస్. జట్టుకు ఒక్కొక్క డిస్కును చేర్చుకొనే సదుపాయం కూడా 2025 జనవరిలో విడుదలైన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో లభించినది. సాఫ్ట్‌వేర్ రెయిడ్ సదుపాయం లేని వ్యవస్థలను నడపవలసినవారికి, ఎడతెగని వ్రాతపని గల కార్యాలయాలకు హార్డ్‌వేర్ కార్డు నేటికీ ఉపయోగకరమే. ఇంటికి మాత్రం సాదా కార్డు చాలును.

మిగిలిన డబ్బుతో యు.పి.ఎస్. కొన్నాము. రెండు విడి డిస్కులు కొని నకళ్లు తీశాము. ఒకటి బీరువాలో ఉన్నది. మరొకటి విశాఖపట్టణంలో మా చెల్లెలి ఇంటిలో ఉన్నది. సెలవులకు వెళ్లినప్పుడెల్లా దానిని మార్చి వస్తాము.

నాన్నగారు తమ షాపులో కుర్రవాళ్లకు ఒక మాట చెప్పేవారు: "యంత్రం ఎంత బాగా తిరుగుతుందో తరువాత చూడు. విరిగితే విడిభాగం ఎక్కడ దొరుకుతుందో ముందు చూడు." కార్డు కొనే రోజున ఈ మాట మాకు గుర్తు రాలేదు. ఈ వ్యాసం చదివిన మిత్రులు ఈ ఆదివారమే తమ డిస్కును ఒకసారి తెరచి, వేరే నకలు లేని ఫైళ్లేవో చూసుకోగలరని ఆశిస్తున్నాము.