వ్యాధి యొకటి, భాషలు పెక్కు

మేళ్లచెరువు సున్నపురాతి సీమ. అచ్చట శంభులింగేశ్వరుని కొలుచు రైతులు కలరు; చుట్టుపట్ల తండాలలో లంబాడీలు కలరు; ఉర్దూ మాటలాడు ముస్లిములు కలరు; సిమెంటు కర్మాగారములలో పనికై ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారును కలరు. వీరిలో ఎవ్వరికి కాన్సరు వచ్చినను, చేతిలో ధనము లేనిచో, దారి తరచుగా హైదరాబాదు రెడ్‌హిల్సులోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికే. 1955లో వెలసిన ఆ ప్రభుత్వ వైద్యాలయమున మంచములు ప్రక్కప్రక్కనే యుండును. లోకములు మాత్రము వేరు.

తెలుగు పల్లె రాచపుండనినను, ఉర్దూ ఇల్లు సర్తాననినను, ఆ పేరు రోగి చెవిని వేయవద్దని బంధువులు నర్సును చాటుకు పిలిచి వేడుకొందురు. నర్సు వారిని గద్దింపదు. “మీకేమి తెలిసికొనవలెనని యున్నది?” అని మెల్లగా రోగినే యడుగును. భాష రానిచోట కుమారుడు దుబాసియగును. కాని గర్భాశయ రక్తస్రావమును గూర్చి ఏ తల్లి కుమారునినోట చెప్పించుకొనగలదు? అప్పుడు ఆ భాష నెరిగిన స్త్రీని వెదకి తేవలసినదే.

మందులవలన జుట్టు రాలునని చెప్పుట వైద్యునికి ఒక్క వాక్యము. రైతు ఇల్లాలికి బోడితల యనిన మొక్కు, లేదా వైధవ్యము. లంబాడీ స్త్రీకి చెంపలపై వ్రేలాడు వెండి ఘూగ్రీలు ముత్తైదువ గుర్తులు. జుట్టు లేనిదే వానిని దేనికి కట్టుకొనును? జుట్టు మరల మొలచునని ముందే చెప్పి, ఆ నగలను భద్రముగా దాచుకొమ్మను నర్సు సగము భయమును తీర్చినట్లే.

రంజాను నెలలో మరొక చిక్కు. సాధారణపు మార్ఫిను మాత్ర 4 గంటల కొకటి చొప్పున వేసికొనవలెను. రోగికి ఉపవాసమునుండి మినహాయింపు కలదు. అయినను మనసొప్పని వృద్ధునికి 12 గంటలు పనిచేయు మాత్రను సహరీవేళ, ఇఫ్తారువేళ ఇచ్చు ఉపాయమును వైద్యులు ఆలోచింతురు.

1967లో లండనులో సిసిలీ సాండర్సు స్థాపించిన ఆశ్రయగృహము, నొప్పి దేహమునకే గాక మనసునకు, బంధుత్వమునకు, దైవచింతకును చెందినదని చాటెను. ఆ దృష్టితోనే 2006లో హైదరాబాదు ఆసుపత్రిలో ఉపశమన సేవ ఆరంభమైనది.

నొప్పిని 0 నుండి 10 వరకు అంకెలలో చెప్పుమందురు. అంకెలు రానివారికి నవ్వు మొగము మొదలు ఏడ్పు మొగము వరకు బొమ్మలు చూపుదురు. ఓర్పే ఆడుదాని సొమ్మని పెరిగిన ముసలమ్మ నవ్వు మొగముపై వ్రేలు పెట్టును. ఆ వ్రేలిని గాక, మంచపుపట్టెను బిగించిన రెండవ చేతిని చూచుటయే నర్సు నేర్వవలసిన విద్య.