లూపస్ ఉన్నవారి కళ్లు పచ్చబడితే..? పసరు మందుకు పరుగెత్తే ముందు ఇది తెలుసుకోండి!

కామెర్లు అనగానే కడప జిల్లా ఎర్రగుంట్లలోనే కాదు, తెలుగు ఊళ్లలో చాలాచోట్ల ముందు గుర్తొచ్చేది పసరు మందే. కానీ ఆ మనిషికి లూపస్ ఉంటే? ఆ పసరే ప్రాణాల మీదకు తేవచ్చు.

లూపస్‌లో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే సొంత అవయవాలపై దాడి చేస్తుంది. బాధితుల్లో ప్రతి 10 మందికి సుమారు 9 మంది మహిళలే. కీళ్లు, చర్మం, కిడ్నీల గురించి జాగ్రత్తపడతారు గానీ, లివర్‌ను పెద్దగా పట్టించుకోరు.

లివర్ ఎందుకు దెబ్బతింటుంది?

మందులు: నొప్పి మాత్రలు, మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్ లాంటివి కొందరిలో లివర్‌పై ప్రభావం చూపుతాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలకే ముప్పు.

ఫ్యాటీ లివర్: స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే బరువు, షుగర్ పెరిగి లివర్‌లో కొవ్వు చేరుతుంది.

వైరస్‌లు: ఒంట్లో దాగి ఉన్న హెపటైటిస్ బి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో మళ్లీ విజృంభించవచ్చు.

ఆటోఇమ్యూన్ హెపటైటిస్: 1956లో ఆస్ట్రేలియా డాక్టర్ ఇయాన్ మెకే బృందం దీనికి 'లూపాయిడ్ హెపటైటిస్' అని పేరు పెట్టింది. ఇవి రెండూ వేర్వేరు జబ్బులని తర్వాత తేలింది. అయితే కొందరిలో రెండూ కలిసి ఉంటాయి.

తిప్పతీగతో జాగ్రత్త!

కరోనా సమయంలో ఇమ్యూనిటీ కోసం చాలామంది తిప్పతీగ వాడారు. అది వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్లు 2021లో ముంబై డాక్టర్లు వెల్లడించారు. ఆయుష్ శాఖ దీన్ని తోసిపుచ్చింది. అయినా, రోగనిరోధక శక్తి ఇప్పటికే అదుపు తప్పినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అలాంటివి వాడకపోవడమే మంచిది.

ఏం చేయాలి?

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, వాంతులు, పొట్ట ఉబ్బడం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. లివర్ ఫంక్షన్ టెస్ట్, హెపటైటిస్ బి, సి పరీక్షలు, అల్ట్రాసౌండ్ అవసరమవుతాయి. ఎర్రగుంట్ల వాళ్లు ముందు కడప సర్వజన ఆసుపత్రికి వెళ్లొచ్చు. కీళ్లవాతం, లూపస్ నిపుణులు కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది. వాడుతున్న మందులన్నీ, చివరికి నాటు మందులు కూడా దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి.

ముఖ్యంగా, భయపడి స్టెరాయిడ్లు సొంతంగా ఆపేయొద్దు. ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోవచ్చు, లూపస్ తిరగబెట్టవచ్చు. ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి.