పెరటి కోళ్లకు పరచదగిన పొట్టు

కోళ్ల పెంపకమును గూర్చి ఎవరైనను అడుగునప్పుడు జాతి ఏది, మేత ఏది, మందు ఏది అను ప్రశ్నలే ముందుగా వచ్చును. కోడి రేయింబవళ్లు దేనిపై నిలుచునో, దేనిపై పరుండునో విచారించువారు అరుదు. మేమును అట్టివారమే. ఒక వర్షాకాలమున తొమ్మిది కోడిపిల్లలను పోగొట్టుకొనిన పిమ్మట గాని మా దృష్టి గూటి నేలపైకి దిగలేదు. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో నాలుగైదు కోళ్లైనను కలవు. గ్రుడ్లమ్మిన డబ్బు తల్లుల చేతి ఖర్చుకో, పిల్లల పుస్తకములకో అక్కరకు వచ్చుచున్నది. కావున ఈ చిన్న విషయమును కొంత వివరముగా మనవి చేయుచున్నాము.

మా దాదీ కాలమున ఈ ప్రశ్నయే లేదు. పగలెల్ల కోళ్లు పెరటిలో తిరిగెడివి. రాత్రి గంప క్రిందనో మట్టి గూటిలోనో నిద్రించెడివి. తెల్లవారగానే ఆమె గూడు ఊడ్చి, పొయ్యిలోని ఆరిన బూడిదను పలుచగా చల్లెడిది. పిల్లలకు తల్లి రెక్కలే పడక. నేడు మనము కొని తెచ్చుకొను పిల్లలకు తల్లి లేదు. 1988లో హైదరాబాదు రాజేంద్రనగరులో నెలకొనిన కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటి రకములు యంత్రములో పొదిగిన పిల్లలుగానే మన ఇంటికి చేరును. వానిని సుమారు ఆరు వారములు గూటిలోనే, దీపపు వెచ్చదనమున పెంచి, పిదప పెరటిలోనికి వదలవలెను. ఆ ఆరు వారములు వాని లోకమంతయు ఆ రెండంగుళముల పొట్టే.

కోడికి మూత్రము వేరుగా రాదు. రెట్టలోనే కలిసి వచ్చును. ఆ రెట్టలో దాదాపు నాలుగింట మూడు పాళ్లు నీరే. ఆ నీటిని పీల్చుకొనుట పొట్టు మొదటి పని. పీల్చినదానిని తిరిగి గాలికి విడిచిపెట్టుట రెండవది. మొదటిదానిని మాత్రమే చూచి ఎన్నుకొనువారు చిక్కుపడుదురు. తడి ఆరని పొట్టులో సూక్ష్మజీవులు రెట్టలోని యూరిక్ ఆమ్లమును విడగొట్టి అమోనియా వాయువును పుట్టించును. పది లక్షల పాళ్ల గాలిలో ఇది 25 పాళ్లు మించరాదని కోళ్ల పెంపకపు నియమము. నిలుచున్న మనకు వాసన సోకకపోవచ్చును; కాని పిల్ల ముక్కు పొట్టుకు నాలుగంగుళముల ఎత్తుననే ఉండును. కనుక వంగి, ఆ ఎత్తున వాసన చూడవలెను. కండ్లు మండినచో పొట్టు చెడినట్లే.

రెండవ ఆపద కాక్సిడియోసిస్ అను రక్తపారుడు. దీనిని కలిగించు ఐమేరియా అను పరాన్నజీవి కోశములు రెట్టతో వెలువడును. వెలువడిన వెంటనే అవి హాని చేయలేవు. తేమ, వెచ్చదనము, గాలి దొరికినచో ఒకటి రెండు దినములలో పక్వమై, పొట్టు గీరి తిను పిల్లల ప్రేవులలోనికి చేరును. మూడవ వారము మొదలు ఆరవ వారము వరకు ఈ భయము హెచ్చు. పొట్టు పొడిగా నున్నచో కోశములలో చాలభాగము పక్వము కానేరవు. మందు సీసా కొనుటకు ముందు నీళ్ల పాత్ర ఒలుకుచున్నదేమో చూచుట లాభమని మా అనుభవము.

ఇక ఏ పొట్టు? వరి పండు సీమలో మొదటి స్థానము ఊకదే. ఊకకును తవుడుకును భేదమెరుగక తవుడు పరచిన బంధువొకరు మాకు కలరు; తవుడు మేత, అది తడిసినచో పులియును. ఊక రంపపు పొట్టు వలె నీటిని అధికముగా పీల్చదు. దానిలో సిలికా హెచ్చు, పైపొర గట్టిది. అయినను నడుమ నడుమ గాలి ఆడుటచే త్వరగా ఆరును, సులభముగా గడ్డకట్టదు. మిల్లులును ఇటుక బట్టీలును దీనిని వంటచెరకువలె వాడుచుండుటచే నేడు ఊరకే దొరకుట అరుదు. మొదటి మూడు నాలుగు దినములు పిల్లలు ఊకనే మేతయని తినవచ్చును. అందుకై పైన కాగితము పరచుదురు. కాగితము నున్ననిదైనచో కాళ్లు ప్రక్కలకు జారి వంకరపోవును. నలిపి పరచి, దినదినము మార్చవలెను.

రంపపు పొట్టు తడిని బాగుగా పీల్చును గాని మెత్తని ధూళి పిల్లల ఊపిరికి చెరుపు. చెదల మందు పట్టించిన కలప పొట్టు అసలే పనికిరాదు. వరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా నరకనిచో చాపవలె అల్లుకొని అడుగున కుళ్లును. ఇసుక వేసవిలో చల్లన, ఊడ్చుటకు సులువు. వానకాలపు పసిపిల్లలకు తగదు.

వేరుశనగ తొక్కల సంగతి మేము మూల్యము చెల్లించి నేర్చినాము. కాయలు వలుచు మిల్లు వెనుక కుప్పగా పడియున్న తొక్కలు చవుకగా వచ్చుచున్నవని రెండు గోనెలు తెచ్చి పరచితిమి. పైన పొడిగానే ఉన్నవి. గోనె అడుగున బూజు ఉన్నదని మేము గమనింపలేదు. అయిదారు దినములకు పిల్లలు నోరు తెరచి, మెడ సాచి ఊపిరి పీల్చసాగినవి. పశువైద్యులు చనిపోయిన పిల్లను కోసి, ఊపిరితిత్తులపై ఆవగింజలంతటి పసుపు తెలుపు బొడిపెలను చూపినారు. ఆస్పర్‌జిల్లస్ బూజు చేసిన పని అది. పిల్లలకు సోకిన పిదప తగిన చికిత్స లేదనినారు. అదే కుటుంబమునకు చెందిన మరియొక బూజు, 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోవుటకు కారణమైనది. అచ్చట దోషము బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ పిండిలో నుండెను; అఫ్లాటాక్సిన్ అను విషము ఆ విచారణలోనే బయటపడినది. ఇట్లని వేరుశనగ తొక్కలు చెడ్డవని కాదు. అనంతపురము, కర్నూలు ప్రాంతములలో ఊకకంటె అవియే దగ్గర. ఆ ఏటి తొక్కలై, వానకు తడియక, చేతితో నలిపినప్పుడు ముక్కవాసన రానివైనచో నిశ్చింతగా పరచవచ్చును. ఏ పొట్టునైనను ముందు రెండు దినములు ఎండలో తిరుగవేయుట ఇప్పుడు మా ఇంటి కట్టుబాటు.

పరచిన పిదప పరీక్ష సులువు. పిడికెడు పొట్టును గట్టిగా పిండి, చేయి తెరువవలెను. ముద్దగానే నిలిచినచో తడి ఎక్కువ. ఏ మాత్రము అంటుకొనక దుమ్ము లేచినచో మరీ పొడి. కొంచెము అంటి విడిపోయినచో తగిన స్థితి. వారమునకు రెండు సార్లు తిరుగవేసి, నీళ్ల పాత్ర చుట్టు తడిసినదానిని తీసి క్రొత్తది వేయవలెను. సున్నము చల్లువారు గమనింపవలసినది ఒకటి కలదు: తడి పొట్టుపై సున్నము పడినచో అమోనియా ఒక్కసారిగా పైకి లేచును. పిల్లలను వెలుపలికి తీసియే ఆ పని చేయవలెను.

పిల్లలు పెరటిలోనికి పోయిన పిదప మిగులు పొట్టును పచ్చిగా మొక్కల మొదట పోసినచో వేళ్లు మాడును. గుంటలో వేసి రెండు మూడు నెలలు మ్రగ్గనిచ్చినచో మంచి ఎరువగును. మా ఇంటి గుంటలో ఈ ఏడు నాలుగు గోనెల ఎరువు సిద్ధముగా ఉన్నది. కళాశాల తోటకు కావలెనన్నచో కమిటీ పెద్దలు ఒక బండి పంపిన చాలును.