చమురు బావిలోంచి చేనుకొచ్చిన మోటారు

సబ్‌మెర్సిబుల్ మోటారు, అంటే మునిగి తిరిగే మోటారు, మన చేలకు రాకముందే చమురు బావుల్లో పనిచేసింది. తిఫ్లిస్‌లో, అంటే నేటి త్బిలిసిలో, పుట్టిన అర్మాయిస్ అరుటునోఫ్ 1923లో అమెరికా చేరాడు. మోటారును బావి గట్టున పెట్టే బదులు చమురులోనే ముంచేస్తే సరిపోతుంది కదా అన్నది అతని ఆలోచన. 1920ల చివరికి ఓక్లహోమా రాష్ట్రంలోని బార్టిల్స్‌విల్‌లో స్థిరపడి పంపుల కంపెనీ నిలబెట్టాడు.

కిటుకు భౌతికశాస్త్రంలో ఉంది. గట్టుమీది పంపు నీటిని పీల్చగలిగేది ఏడెనిమిది మీటర్ల లోతు నుంచే. లెక్క ప్రకారం చూసినా పది మీటర్లకు కాస్త పైన హద్దు వచ్చేస్తుంది, ఎందుకంటే నీటిని పైకి నెట్టేది గాలి పీడనమే. కింద నుంచి తోస్తే ఆ హద్దు ఉండదు. బోరులో పట్టేలా ఈ యంత్రం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అడుగున మోటారు, దానిమీద వరసగా పేర్చిన ఇంపెల్లర్లు, అంటే నీటిని తోసే చక్రాలు. ఒక్కోటీ నీటికి కాస్త ఒత్తిడి పెంచి పైదానికి అందిస్తుంది. చుట్టూ పారే నీరే మోటారును చల్లబరుస్తుంది. నీరు లేకుండా తిరిగిందా, వైండింగ్ మాడిపోతుంది. ఎండాకాలం రివైండింగ్ షాపులకు గిరాకీ ఊరికే రాదు.

మోట తోలిన కాలంలో ఎద్దులు అలసిపోతే నీళ్లు ఆగేవి. బావి ఎంత దిగిందో తొంగి చూసిన ప్రతివాడికీ తెలిసేది. బోరులోకి తొంగి చూస్తే కనిపించేది చీకటే. పక్క చేను మోటారు ఎంత తోడుతోందో ఎవరికీ తెలియదు. నీరు అందకపోతే ఇంకో రెండు పైపులు దించడం, అదీ చాలకపోతే బోరుబండిని పిలవడం. రాయలసీమ, తెలంగాణల్లో చాలాచోట్ల అడుగున గట్టి రాయి. నీరుండేది పైనున్న మెత్తబడ్డ పొరలోనూ రాతి పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గిపోతాయి. అప్పు మాత్రం అడుగు అడుగుకీ పెరుగుతుంది.

తప్పు రైతుమీద తోసేయడం తేలిక. కాలువ రాని ఊళ్లో, వాన నమ్మించి మోసం చేసిన ఏడాది, అతనికి ఇంకేం దారి ఉంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. కరెంటేమో అర్ధరాత్రి వచ్చేది. చీకట్లో పాములకూ షాకులకూ భయపడి పొలానికి పోలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. ఆ చిన్న పెట్టె వాళ్లకు ప్రాణరక్ష. కాకపోతే కరెంటు వచ్చిన క్షణం నుంచి పోయేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మడి నిండినా సరే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆ ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే బతిమాలాల్సి వచ్చింది.

కొత్త బోరుకు అనుమతి కావాలన్న వాల్టా చట్టం 2002 నాటిదే. అయితే రాత్రికి రాత్రి వచ్చిపోయే బోరుబండిని చట్టం ఎంతవరకు ఆపగలదు?

అంతకంటే పనికొచ్చే ప్రయోగం 2003లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండతో అనంతపురం, ప్రకాశం, నల్గొండ వంటి ఏడు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు. ఊరంతా కూర్చుని ఎంత నీరుందో, ఏ పంట ఎంత తాగుతుందో లెక్కగట్టి, దాన్నిబట్టి ఎవరి పంట వాళ్లు నిర్ణయించుకున్నారు. ఎవరినీ నిర్బంధించలేదు. అయినా చాలామంది వరి తగ్గించుకున్నారు. బోరులో నీటిమట్టం కొలిచి పంచాయతీ గోడమీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని ప్రతి ఊళ్లోనూ, వచ్చే రబీకి ముందే మొదలుపెట్టాలి.