మదీనా లోయలో కారు ఎత్తెక్కిన కథ

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, వింత వార్తలు వరదలా వచ్చి పడుతున్నాయి. ఏది నమ్మాలో, ఏది నవ్వి వదిలెయ్యాలో, పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలీక తలపట్టుకునే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగరీత్యా కంప్యూటర్ల మధ్య బతుకుతాను కాబట్టి ఇలాంటివి నాకు బాగా తెలుసని ఇంట్లో ఒక భ్రమ ఉంది. నిజం చెప్పాలంటే ఆ భ్రమ వాళ్ళకంటే నాకే ఎక్కువ ఉండేది. అది ఎలా పోయిందో చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను.

నేనుండేది మదీనాలో. మా ఊరు నంద్యాల. మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడాయన డ్యూటీ అంతా వాట్సాప్‌లోనే. పొద్దున ఐదింటికే బంధువుల గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వు పడుతుంది, ఆ తర్వాత వరసగా వీడియోలు.

2024 చివర్లో అమ్మా నాన్నా ఉమ్రాకి బయల్దేరే ముందు నాన్న ఒక వీడియో పంపారు. మీలో చాలామంది చూసే ఉంటారు. రోడ్డు ఎదురుగా ఎత్తుగా కనిపిస్తూ ఉంటుంది. డ్రైవరు గేరు న్యూట్రల్‌లో పెట్టి, కాలు తీసేసి, చేతులు పైకెత్తి చూపిస్తాడు. కారు తనంతట తానే ఎత్తెక్కుతుంది! స్పీడు ముల్లు పెరుగుతూ పోతుంది. కింద "మదీనా దగ్గర జిన్నుల లోయ, దేవుని మహిమ, పదిమందికి పంపండి" అని రాసి ఉంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడు పేరాల ఉపన్యాసం టైపు చేసి అదే గ్రూపులో పెట్టాను. "ఇది కంటి భ్రమ నాన్నా, ఫార్వర్డ్ చేసేముందు కాస్త ఆలోచించండి" అని ముగింపు. మేనత్తలు, బాబాయిలు, వాళ్ళ పిల్లలు అందరూ చూశారు. నాన్న ఏమీ అనలేదు. మర్నాటి నుంచి గుడ్ మార్నింగ్ పువ్వు కూడా ఆగిపోయింది.

సరే, వాళ్ళు వచ్చారు. మస్జిదె నబవీ దర్శనం, ఖుబా, ఉహుద్ అన్నీ అయ్యాక, మా బిల్డింగులో వాళ్ళంతా ఆ లోయకి పోతుంటే మేమూ ఒక టాక్సీ మాట్లాడుకున్నాం. ఊరికి వాయవ్యంగా సుమారు 35 కిలోమీటర్లు. మన దేశపు యాత్రికులు 'వాదియె జిన్' అంటారుగానీ, అక్కడి అరబ్బులకు అది 'వాది అల్ బైదా', అంటే తెల్లలోయ. చుట్టూ బోడి కొండలు, మధ్యలో నున్నటి తారు రోడ్డు. రోడ్డు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరగ్గానే ఆట మొదలవుతుంది.

డ్రైవరు మా ఉత్సాహం చూసి ఒక మెట్టు పైకి వెళ్ళాడు. న్యూట్రల్ చేసి ఊరుకోలేదు, ఇంజనే ఆపేశాడు. చేతులు పైకెత్తాడు. కారు కదిలింది. కన్ను ఎత్తంటోంది, కారు మాత్రం దూసుకుపోతోంది. నేను గ్రూపులో అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, ఒళ్ళు జలదరించి నోరు తెరుచుకుని చూస్తున్నాను. వెనక సీట్లో తొమ్మిదేళ్ళ మావాడు చప్పట్లు కొడుతున్నాడు. ముందు సీట్లో నాన్న మాత్రం సీటంచు గట్టిగా పట్టుకుని, వచ్చీరాని ఉర్దూలో "ఇంజన్ చాలూ కరో బేటా, పహలే ఇంజన్ చాలూ కరో" అన్నారు. డ్రైవరు నవ్వాడు. నాన్న గొంతు పెంచారు. ఆ గొంతు నేను విని ఇరవై ఏళ్ళయింది. ఇంజను స్టార్టయింది.

ఇంటికొచ్చాక ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రాత్రి మావాడు అడిగాడు. "నాన్నా, నువ్వు భ్రమ అన్నావు కదా, మరి కారు నిజంగానే కదిలింది కదా?" మంచి ప్రశ్న. కారు కదలడం నిజమే. భ్రమ ఉన్నది కారులో కాదు, రోడ్డులో. ఎత్తనుకున్నది పల్లం, అంతే. మరి పల్లం ఎత్తులా ఎందుకు కనిపిస్తుంది?

మన మెదడు మట్టాన్ని ఎలా కొలుస్తుందో చూద్దాం. దూరంగా ఆకాశం నేలా కలిసే గీత కనిపిస్తే, దాన్ని ఆధారం చేసుకుని ఏది ఎత్తు, ఏది పల్లం అని తేల్చుకుంటుంది. చుట్టూ కొండలున్న లోయలో ఆ గీత కనబడదు. కొండల పాదాలు, రోడ్డు అంచులు, దూరాన మలుపు వీటినే మట్టం అనుకుంటుంది. అవే వాలి ఉంటే లెక్క తప్పుతుంది. చెవి లోపల మన సమతూకం చూసే అవయవం ఉంది నిజమే, కానీ మెత్తటి సీట్లో కూర్చుని ఒకటి రెండు డిగ్రీల వాలుని అది పసిగట్టడం కష్టం. కంటిదే పైచేయి అవుతుంది.

ఇటలీకి చెందిన పావొలా బ్రెస్సాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి 2003లో దీనిమీద ఒక పరిశోధన ప్రచురించారు. బల్లమీద బొమ్మ రోడ్లు కట్టి, ఒక రంధ్రంలోంచి జనాలకి చూపించి, వాలు మార్చి మార్చి అడిగారు. తేలిందేమిటంటే, బాగా నిటారు పల్లం పక్కన కొద్దిపాటి పల్లం ఉంటే ఆ కొద్దిపాటి పల్లం చాలాసార్లు ఎత్తుగా కనిపిస్తుంది. జిన్నులు, అయస్కాంతాలు ఏవీ లేకుండానే బల్లమీద అదే వింత పుట్టింది.

అయస్కాంతం అన్నాను కాబట్టి ఆ సంగతీ చూద్దాం. "కొండల్లో అయస్కాంతం ఉంది, అది కారుని లాగుతుంది" అన్నది రెండో ప్రచారం. చదువుకున్నవాళ్ళు ఎక్కువగా దీన్నే నమ్ముతారు, సైన్సులా వినిపిస్తుంది కనక. మదీనా చుట్టుపక్కల అగ్నిపర్వతాల నల్లరాయి విస్తారంగా ఉన్నమాట నిజమే. 1256లో ఊరికి ఆగ్నేయ దిక్కున అగ్నిపర్వతం బద్దలై 52 రోజులు మండింది, లావా 23 కిలోమీటర్లు పారింది. అలాంటి రాయిలో కొద్దిగా అయస్కాంత గుణం ఉంటుంది, దగ్గర పెడితే దిక్సూచి ముల్లు కాస్త చలిస్తుంది. అంతేగానీ టన్నున్నర కారుని లాగేంత ఉండదు. పైగా ఆ రోడ్డుమీద నీళ్ళు పోసినా అటే పారతాయి, ప్లాస్టిక్ సీసా పెట్టినా అటే దొర్లుతుంది. వాటిలో ఇనుమెక్కడుంది?

ఇంకో లెక్క చూడండి, ఇది నాకు బాగా నచ్చింది. కారు గంటకు 120 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని గొప్పగా చెబుతారు. 120 అంటే సెకనుకి 33.3 మీటర్లు. ఇంజను లేకుండా ఆ వేగం రావాలంటే కారు కనీసం ఎంత కిందికి దిగాలి? వేగాన్ని వేగంతో గుణించి 19.6తో భాగించండి, సుమారు 57 మీటర్లు వస్తుంది. అంటే దాదాపు పంతొమ్మిది అంతస్తుల మేడంత! టైర్ల రాపిడి, గాలి అడ్డు కలిపితే ఇంకా ఎక్కువ దిగాలి. కానీ దాన్ని నాలుగు కిలోమీటర్ల రోడ్డుమీద పరిస్తే, 100 మీటర్లకు ఒకటి నుంచి మూడు మీటర్లే. కంటికి ఆనదు. వింత ఎంత పెద్దదని చెబితే పల్లం అంత పెద్దదని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

ఈ లెక్కంతా చెప్పేసరికి మావాడు ఆవలించాడు. "లెక్క వద్దు, చూపించు" అన్నాడు. ఎలా చూపించాలా అని నేను ఆలోచిస్తుంటే వాడే నా ఫోన్ లాక్కుని కార్ల రేసు ఆట తెరిచాడు. ఆస్ఫాల్ట్ అని, ఫోన్‌ని స్టీరింగులా అటూ ఇటూ వంచి ఆడతారు. "ఇది వంచినట్టు ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు! ఫోన్ లోపల యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్పు ఉంటుంది. అందులో కంటికి కనబడని స్ప్రింగులకు వేలాడే సిలికాన్ ముక్క ఒకటి. ఫోన్ వంగితే భూమి ఆ ముక్కని ఎటు లాగుతోందో మారుతుంది, ఆ మార్పుని చిప్పు కరెంటు సంకేతంగా చెబుతుంది. దానికి కళ్ళు లేవు కాబట్టి కొండలు చూసి మోసపోదు. వీడియో గేముల మీద రోజూ వాణ్ణి తిట్టే నాకు, జవాబు ఆ ఆటలోనే దొరికింది.

మరుసటి శుక్రవారం మా కారులోనే వెళ్ళాం. వచ్చేపోయే బండ్లు లేని చోట పక్కన ఆపి, ఫోన్‌లో మట్టం చూపే యాప్ తెరిచి తారుమీదే పెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త. కారు డాష్‌బోర్డు మీద పెడితే లాభం లేదు, అదే వాలి ఉంటుంది. ఒకసారి పెట్టి చూశాక ఫోన్‌ని అటుదిటు తిప్పి మళ్ళీ చూడాలి. ఫోన్ సొంత తప్పేదైనా ఉంటే రెండిట్లో బయటపడుతుంది. మేం రెండువైపులా చూశాం. కన్ను ఎత్తన్న వైపే పల్లమని చూపించింది. తర్వాత కారులో వస్తూ జీపీఎస్ ఎత్తు చూశాం. పది మీటర్ల తేడాని జీపీఎస్ సరిగా చెప్పలేదుగానీ, పెద్ద పల్లాన్ని చెప్పగలదు. మదీనా వైపు వస్తున్నకొద్దీ అంకె తగ్గుతూ పోయింది. మావాడి మొహం చూడాలి!

నేను విజయగర్వంతో నాన్న వైపు తిరిగాను. ఆయన తాపీగా "పల్లమని నాకు ఆ పొద్దే తెలుసురా" అన్నారు.

"తెలిస్తే వీడియో ఎందుకు పంపావు?"

"అది బండెక్కక ముందు పంపింది. ముందు సీట్లో కూసున్నాక తెలీకుండా పోతాదా? ఎత్తెక్కే బండి నడక వేరు, దిగే బండి నడక వేరు. నల్లమల ఘాట్‌లో నిటారు దిగుడైపోయి సన్న దిగుడు వస్తాది చూడు, కొత్త డ్రైవర్లు అది ఎత్తనుకుని యాక్సిలేటరు తొక్కుతారు. మాకు ముందే చెప్పి పెట్టేవాళ్ళు, కంటిని నమ్మొద్దు, బండిని నమ్మని."

నాకు నోట మాట రాలేదు. 2003లో ఇటలీలో బల్లమీద తేల్చిన సంగతి, గిద్దలూరు రూట్లో డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్న మాట, రెండూ ఒకటే.

ఆయన అసలు భయం వేరే. "ఘాట్‌లో న్యూట్రల్ చేస్తే మాకు మెమో ఇచ్చేవాళ్ళు. ఇంజన్ ఆపితే కంప్రెసర్ తిరగదు, గాలి నిండదు, గాలి లేకుంటే బస్సుకి బ్రేకు లేదు. కారుకైనా అంతేరా, వెనక పిల్లోడున్నాడు" అన్నారు. నిజమే. కారు ఇంజన్ ఆపాక బ్రేకు రెండు మూడుసార్లు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు బరువెక్కుతుంది. తాళం పూర్తిగా తిప్పితే కొన్ని కార్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది కూడా. ఎత్తెక్కుతున్నాం అనుకునేవాడికి బ్రేకు అవసరం గుర్తుకే రాదు. ఆ రోజు ఆ కారులో ప్రమాదాన్ని చూసినవాడు, వాట్సాప్‌లో నేను పాఠం చెప్పిన మనిషి ఒక్కడే.

మీరున్న చోట కూడా ఇలాంటి రోడ్డు ఉండొచ్చు. ఫ్లోరిడాలో లేక్ వేల్స్ దగ్గర స్పూక్ హిల్, కెనడాలో మాంక్టన్ దగ్గర మాగ్నెటిక్ హిల్, స్కాట్లాండులో ఎలక్ట్రిక్ బ్రే, మన లడఖ్‌లో లేహ్ దగ్గర మాగ్నెటిక్ హిల్, అన్నీ ఈ కోవలోవే. ఒక్కోచోట ఒక్కో కథ, కారణం మాత్రం ఒకటే. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇంజను మాత్రం ఆపకండి, చేతులు స్టీరింగు మీదే ఉంచండి. పక్కన ఆగి, ఒక సీసా నీళ్ళు, ఒక ఫోన్ పెట్టి చూడండి. జవాబు మీరు ముందే చెప్పెయ్యకండి, వాళ్ళనే కనుక్కోనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా వింత పంపితే, గ్రూపులో ఉపన్యాసం ఇచ్చేముందు ఒక ఫోన్ చేసి "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి. నేను అడగలేదు.

గ్రూపులో నేను క్షమాపణ చెప్పాను, మూడు పేరాలు కాదు, ఒక్క లైనే. నాన్న దానికి జవాబివ్వలేదు. తారుమీద పెట్టిన ఫోన్ వీడియో పెట్టి, కింద "మా మనవడు కనిపెట్టినాడు, అందరూ చూడండి" అని రాశారు. మర్నాడు పొద్దున ఐదింటికి గుడ్ మార్నింగ్ పువ్వు వచ్చింది.

మళ్ళీ ఇంకో కబురుతో కలుద్దాం. అంతవరకూ సెలవు.