బోదకాలు: మందు ఉంటే చాలునా?



దేశాన్ని ఆరోగ్యంగా ఉంచే నాయకత్వం అంటే మనకు మంత్రులు, పెద్ద ఆఫీసర్లు గుర్తుకొస్తారు. వారు అవసరమే. కానీ వారితోనే పని పూర్తవుతుందా? మన గోదావరి జిల్లాలకు తరతరాలుగా తెలిసిన బోదకాలు (ఫైలేరియా) జబ్బునే తీసుకుని చూద్దాము.

ఎలా వస్తుంది?

ఇది శాపం కాదు, ఒకరి పాపానికి శిక్షా కాదు. సన్నని దారం వంటి పురుగుల వలన వస్తుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ఒకరి రక్తంలోని పురుగు పిల్లలను మరొకరికి చేరవేస్తుంది. ఆ పిల్లలు రక్తంలో రాత్రివేళ ఎక్కువగా తిరుగుతాయి. అందుకే రక్తపరీక్ష రాత్రిపూట చేస్తారు. పైకి ఏ బాధా లేనివారిలో కూడా పురుగు ఉండవచ్చు. ఏళ్ళ తరువాత కాలు వాస్తుంది, మగవారికి బుడ్డ దిగుతుంది.

మందు ఎవరు కనుగొన్నారు?

ఈ జబ్బుకు వాడే డి.ఇ.సి. మందును అమెరికాలోని లెడర్లీ సంస్థలో తయారు చేసిన పరిశోధన బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1947లోనే ఆ మందు లోకానికి తెలిసింది. మన దేశంలో ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లో మొదలయింది. 2015 నాటికి జబ్బును తుడిచివేయాలని 2002 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టింది. అది నెరవేరలేదు. ఇప్పటి లక్ష్యం 2027.

పొరుగున ఉన్న శ్రీలంక 2002 నుండి 2006 వరకు, జబ్బున్న జిల్లాలలో ఏటేటా అందరికీ మాత్రలు ఇచ్చింది. మధ్యలో 2004 సునామీ ఆ తీరాన్ని దెబ్బతీసినా పని ఆపలేదు. ఆ తరువాత కూడా రక్తపరీక్షలు మానలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశం ఈ సమస్యను జయించిందని ప్రకటించింది. వారు వాడినదీ ఈ మందునే.

తేడా ఎక్కడుంది?

మాత్ర పురుగు పిల్లలను చంపుతుంది. పెద్ద పురుగులు మాత్రం కొన్నేళ్ళు బ్రతికే ఉంటాయి. కనుక ఏడాదికొకసారి, వరుసగా కొన్నేళ్ళు, ఊరిలో అత్యధికులు మింగాలి. జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే వ్యాప్తి తగ్గుతుందని లెక్క. మాత్రలు పంచినంత మాత్రాన లాభం లేదు. “తరువాత వేసుకుంటాం” అని గూట్లో పెట్టిన మాత్ర ఎవరినీ కాపాడదు.

యెరూషలేము గోడ కట్టించినది నెహెమ్యాయే. అయినా అనేకులు తమ ఇంటి ఎదుటి భాగాన్ని తామే బాగుచేసుకున్నారు. ఆరోగ్య వ్యవస్థ కూడా అలాగే నిలుస్తుంది. ప్రభుత్వం మందు సకాలంలో పంపాలి. ఆశా కార్యకర్త ఎదుటే మింగించాలి. పంచాయతీ మురుగు కాలువ తీయించాలి. సంఘపెద్ద, ఇంటిపెద్ద అందరికంటే ముందు తాము మింగి చూపించాలి.

మీరు చేయవలసినవి

• మీ ఊరిలో మాత్రలు ఇచ్చినప్పుడు భోజనం చేసి, ఇచ్చినవారి ఎదుటే మింగండి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణీలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వకూడదు.

• కొందరికి జ్వరం, తలనొప్పి, తల తిరగడం రావచ్చు. పురుగు పిల్లలు చనిపోతున్నందువలన తరచుగా అలా జరుగుతుంది. మామూలుగా ఒకటి రెండు రోజులలో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

• వాపు వచ్చినవారు కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. చెప్పులు లేకుండా నడవరాదు. బుడ్డకు ఆపరేషన్ ఉంది, సిగ్గుపడి దాచుకోవద్దు.

• దోమతెర కట్టుకోండి. ఇంటిచుట్టూ మురుగు నిలువనీయకండి.

మామిడికుదురులో గాని, నగరంలో గాని, ఆదుర్రులో గాని బోదకాలుతో ఉన్నవారిని గుడిలో, పెళ్ళిపందిరిలో దూరం పెట్టవద్దు. వారిని ముట్టుకుంటే జబ్బు అంటదు. వారిని ఆసుపత్రికి తోడ్కొని రండి. మన బిడ్డల కాళ్ళకు ఈ వాపు రాకుండా కాపాడే పని మన ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. అందుకు ప్రభువు మనకు మనసునిచ్చును గాక.