మీకు తెలుసా? వారం తిరిగేసరికి నాలుగింతలు!

గుడ్డులోంచి బయటపడినప్పుడు సుమారు 42 గ్రాములుండే బ్రాయిలర్ కోడిపిల్ల, సరిగా మేపితే ఏడో రోజుకే నాలుగింతలు దాటి తూగుతుంది. ఆ వారంలో ఒంటికన్నా చిన్నపేగు ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే తొలి మేతలో మాంసకృత్తులు 22, 23 శాతం దాకా ఉండేలా చూస్తారు. పిల్ల పొట్టలో పచ్చసొన మిగిలే ఉంటుంది కదా, రెండు మూడు రోజులు మేత లేకున్నా బతుకుతుంది కదా అనేవాళ్లున్నారు. బతకడం నిజమే, ఎదగడం వేరు. ఆ సొనలో తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలూ ఉంటాయి. వాటిని ఆకలి తీర్చుకోవడానికి కరిగించుకోవడం ఎంత నష్టం! పైగా సొన త్వరగా ఇంకేది మేత తిన్న పిల్లలోనే, పస్తున్న పిల్లలో కాదు. రొమ్ము కండను పెంచే కణాలు చురుగ్గా విభజన చెందేదీ ఈ తొలి రోజుల్లోనే.

అలాగని మాంసకృత్తులు కుమ్మరిస్తే మేలు జరగదు. ఒంటికి పట్టనిది యూరిక్ ఆమ్లమై రెట్టలో పోతుంది. కింద పరిచిన ఊక తడిసి, అమ్మోనియా ఘాటు కళ్లను మండిస్తుంది. శాతం కన్నా లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాల పాళ్లు, అరుగుదల ముఖ్యం. సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం మాంసకృత్తులున్నా, దాన్ని తగినంత వేడి చేయకపోతే మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ పనిని అడ్డుకునే పదార్థం మిగిలిపోయి తిన్నది అరగదు. మేత, నీళ్లు పిల్లలకు అందాయో లేదో కూడా చూసుకోవాలి. పిల్లల్ని షెడ్డులో వదిలిన మర్నాడు మెడ కింది మేతసంచిని వేళ్లతో తడిమితే మెత్తగా, జావలా తగలాలి. గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదు, ఖాళీగా ఉంటే మేతే అందలేదు.